నాకు మూడోది, మా ఆడపడుచుకి మొదటిది

పోయిన వారం షాపు కట్టేసి ఇంటికొచ్చి టీవీ పెడితే ఏదో చర్చ నడుస్తోంది. ఇంకొకళ్ళ బిడ్డని ఆడవాళ్ళు తమ కడుపులో ఎందుకు మోస్తారు అని. నలుగురు కూర్చున్నారు. ఒకాయన పేదరికం అన్నాడు. ఒకావిడ త్యాగం అంది. ఇంకొకావిడ ఇంట్లోవాళ్ళ ఒత్తిడి అంది. నాలుగో ఆయన అందరి మాటలకీ అడ్డొచ్చి చట్టం గురించి ఎత్తుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. మా చోడవరం వదినని తీసుకెళ్ళి ఆ నలుగురి మధ్యా కూర్చోబెడితే ఏం చెప్పేదో ఊహించుకున్నాను. నలుగురికీ నాలుగు చెప్పేది. అన్నీ నిజంలాగే ఉండేవి.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. చోడవరంలో నేను మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే రోజుల్లో మా గోడకి అవతల వాళ్ళ ఇల్లు, ఇంటి ముందు వాళ్ళ కొట్టు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ షామియానాలూ కుర్చీలూ వంటసామాన్లూ అద్దెకిచ్చే కొట్టు. మొగుడు వ్యానులో సామాన్లు చేరవేసేవాడు. కొట్టు నడిపేది ఈవిడ. నేను వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను "ఒసే టైలరూ" అని పిలిచేది.

పెళ్ళి వంటకెళ్ళి తిరిగొచ్చిన గుండిగని బోర్లించి, వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది.

"కింద పడేసేరు దీన్ని."

"నేదమ్మా, జాగర్తగానే తెచ్చేం," అనేవాడు తెచ్చినతను.

"నువ్వు సెప్పకు బాబూ. గిన్నె సెప్తంది."

ఆవిడ నవ్వు మాటకన్నా ముందొచ్చేది. ఏదైనా సరదా సంగతి చెప్పాలంటే మొదటి ముక్కకే నవ్వడం మొదలెట్టేది. సగం మాటలు ఆ నవ్వులో కొట్టుకుపోయేవి. సంగతేమిటో మాకు తెలిసేది కాదు, అయినా మేమూ నవ్వేవాళ్ళం. ఇంకో అలవాటు, ఎవరు కనిపించినా "తిన్నావేటి?" అని అడగడం. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషిని కూడా అడిగేది. అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయేది. ఎవరైనా పొరపాటున "లేదమ్మా" అంటే మాత్రం ఉలిక్కిపడి వెనక్కొచ్చి, కంచంతో కూర్చోబెట్టేదాకా వదిలేది కాదు.

ఇంత కలుపుగోలు మనిషి ఒక్కరితో మాత్రం మాట్లాడేది కాదు. వాళ్ళ ఆడపడుచుతో.

ఆ గొడవ ఆడపడుచు పెళ్ళినాటిదట. ఆ మూడు రోజులూ వదిన గాడిపొయ్యి దగ్గరే ఉండిపోయింది. మసి చీర, నూనె చేతులు, నెత్తిమీద గుడ్డ. పెళ్ళికొడుకు తాలూకు ఆవిడెవరో చూసి "ఎవరమ్మా ఆవిడ?" అని పెళ్ళికూతుర్ని అడిగింది. గాజువాకలో కంపెనీ ఉద్యోగస్తుల సంబంధం, కొత్త మనుషులు. వదిన అవతారం చూసి ఆ పిల్లకి నామోషీ వేసిందో ఏమో, "సామాన్లావిడండి" అనేసింది. గరిటె కోసం ఇటొచ్చిన వదిన విన్నది. అక్కడ ఏమీ అనలేదు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిపించి, సామాన్లన్నీ లెక్క చూసుకుని, ఇంటికొచ్చి అత్తగారితో చెప్పింది. "అత్తా, ఇంక నీ కూతురితో నాకు మాటల్లేవు."

మాటల్లేవంటే మాటల్లేకపోలేదు. అన్నీ అత్తగారి మీదుగా నడిచేవి. ఆడపడుచు పుట్టింటికొచ్చినప్పుడు నేనెన్నోసార్లు చూశాను. ముగ్గురూ ఒకే వసారాలో ఉండేవాళ్ళు.

"అత్తా, నీ కూతురు టీ తాగుతాదేటో అడుగు."

"అమ్మా, అర గ్లాసు సాలని సెప్పు."

"అత్తా, పంచదారా బెల్లమా?"

"మీ ఇద్దరికీ సెముడేటే? నన్నెందుకే మద్దెన సంపుతారు!" అని ఆ ముసలావిడ నెత్తి కొట్టుకునేది. అత్తగారు ఇంట్లో లేకపోతే ఇద్దరూ గోడతో మాట్లాడేవాళ్ళు.

ఆ ఆడపడుచుకి చాలా ఏళ్ళకి కడుపొచ్చింది. నెలలు నిండుతాయనగా ఒకరోజు రక్తం పోవడం మొదలైంది. బిడ్డ దక్కలేదు. తల్లి ప్రాణం నిలబెట్టడానికి గర్భసంచి తీసేశారు. ఆస్పత్రి నుంచి పుట్టింటికి తీసుకొచ్చారు. వేన్నీళ్ళు కాచి పోసిందీ, పథ్యం వండి పెట్టిందీ వదినే. "అత్తా, ఇంకో ముద్ద తినమని సెప్పు" అంటూనే. గొంతు మాత్రం మునుపటిలా ఉండేది కాదు. వసారాలో నవ్వు లేని రోజులవి.

ఏడాది గడిచాక విశాఖపట్నంలో డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. మొగుడూ పెళ్ళాలిద్దరి నుంచీ తీసుకుని పిండం కట్టించడానికి ఇబ్బందేమీ లేదు, మోయడానికి ఇంకొకరు కావాలి. డబ్బిచ్చి మోయించుకోవడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. తనకి పిల్లలున్న మనిషై ఉండాలి, మరీ వయసు మీరకూడదు, ఇష్టపడి ముందుకు రావాలి.

ఒక ఆదివారం దానిమీద వాళ్ళింట్లో మాటలు జరుగుతున్నాయి. కుట్టిన జాకెట్లివ్వడానికి వెళ్ళి నేనూ ఒక పక్కన కూర్చున్నాను. అల్లుడు తల దించుకుని ఉన్నాడు. పిన్నత్త కూతుర్ని అడిగితే మొగుడు ఒప్పుకోలేదట. ఇంకొకామె ముందు సరేనని తర్వాత ఫోనెత్తడం మానేసిందట. వదిన దొడ్డి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. తోముతూ తోముతూ, చేతిలో చేపనలాగే పట్టుకుని, తల ఎత్తకుండా అంది.

"అత్తా, నీ కూతురికి సెప్పు. నాను మోస్తానని."

అత్తగారు కూతురికి చెప్పడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది. ఆడపడుచు లేచి దొడ్డి గుమ్మం దాకా వచ్చింది.

"వదినా," అంది.

"ఏటి?" అంది వదిన. పెళ్ళినాటి నుంచీ ఆ ఇద్దరి మధ్యా తిన్నగా నడిచిన మొదటి మాటలవి.

"నాకోసమెందుకు... నానలగ అన్నాను గదా నిన్ను. మరెందుకు వదినా?"

"సామాన్లావిడ్ని గదేటే. సామాన్లు అద్దెకిస్తన్నాననుకో," అని వదిన మాట పూర్తవకుండానే నవ్వడం మొదలెట్టింది. "అద్దె తీసుకోకూడదంట గదా ఉప్పుడు. పోనీలే, ఊరికే పట్టుకెల్లు."

ఆడపడుచు ఆవిడ చేపల చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేసింది. "ఒసే, నీసు! చీర పాడైపోతాది, ఒదులు," అని ఈవిడ అరుపు. అలా కలిశారు.

ఒప్పుకోవాల్సిన మనిషి ఇంకొకాయనున్నాడు. వదిన మొగుడు నెమ్మదైన మనిషి, మాట్లాడ్డం తక్కువ. చెల్లెలంటే ప్రాణమే కానీ, "ఊరేటనుకుంటాది?" అన్నాడు.

"ఊరా? మన గుండిగలు లేకండా ఈ ఊళ్ళో పెళ్ళవుతాదేటి? ఏటన్నా అంటే సామాన్లు ఇయ్యనని సెప్తాను."

ఆయన నవ్వలేదు. రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. మూడో రోజు మాడుగుల కిరాయి ఉందని వ్యాను వేసుకెళ్ళాడు. సాయంత్రం వచ్చి అరుగుమీద హల్వా పొట్లం పెట్టి, "ఒంట్లో బలం ఉండాల గదా. తిను," అన్నాడు. ఒప్పుకున్నానని ఆయన చెప్పడం అంతే.

వదినకి ఒక కూతురు, ఒక కొడుకు. పెద్దపిల్ల తొమ్మిదో తరగతి. దానికి సిగ్గు. "అమ్మా, స్కూల్లో నాను ఏటి సెప్పను?" అని గోల.

"మా అత్త పాపకి మా ఇంట్లో హాస్టలని సెప్పు," అంది వదిన.

కోర్టులో కూడా నిలబడవలసి వచ్చింది. పుట్టిన బిడ్డ ఆడపడుచుదీ ఆమె మొగుడిదీ అని ముందుగానే ఉత్తర్వు తీసుకోవాలట. తోడుకి నన్ను రమ్మంటే వెళ్ళాను. మేజిస్ట్రేటుగారు కుర్రాయన. ఎవరైనా బెదిరించి ఒప్పించారా, బలవంతం ఏమైనా ఉందా అని మెల్లగా అడిగారు.

"నన్ను బలవంతం సేసీవోడు ఇంకా పుట్టలేదండి," అంది వదిన.

మేజిస్ట్రేటుగారు పెదవి బిగబట్టుకున్నారు గానీ, పక్కన టైపు చేస్తున్నతను ఆపుకోలేక నవ్వేశాడు. వెంటనే వదిన అలవాటు ప్రకారం, "మీరు తిన్నారాండి?" అని అడిగేసింది. ఆయన తినలేదని చెప్పకపోబట్టి సరిపోయింది.

పిండం నిలిచిందని తెలిసిన రోజు నుంచి వీధికి పండగే. ఆవిడకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి చాలా ఏళ్ళయింది, ఆ సంగతి అందరికీ తెలుసు. మరి కడుపెలా వచ్చింది? ఆపరేషన్ విఫలమైందని కొందరు. అంతకన్నా చెడ్డ మాటలు ఇంకొందరు. వదిన ఎవర్నీ వెనకాల మాట్లాడుకోనివ్వలేదు. తనే ఎదురెళ్ళి చెప్పేది. వినేవాళ్ళని బట్టి కారణం మారేది.

కూరగాయలమ్మే ముసలమ్మ అడిగితే, "మా అత్త సేత తొమ్మిది నెలలు వండించుకుని తిందారని" అంది. భజనకెళ్ళే పెద్దావిడ అడిగితే, "పున్నెం గావాలి గదమ్మా" అంది. సామాన్లకొచ్చిన ఒక పెద్దమనిషి "ఎంతిస్తన్నారేటి?" అని కన్ను గీటితే, "మీ కూతురి పెళ్ళికి ఆ రోజుకి కుర్చీలు లేవండి, అయిపోయాయి" అని వెనక్కి పంపించేసింది. ఆయన నాలుగు రోజులకి వాళ్ళావిణ్ణి పంపించి బతిమాలించాడు.

"ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్కటి చెప్తావేం వదినా?" అన్నాను.

"అడిగినోళ్ళకి తగ్గట్టు సెప్పాల. అందరికీ ఒకటే సైజు జాకెట్టు కుడతావేటి నువ్వు?"

నెలకోసారి పరీక్షలకి విశాఖపట్నం వెళ్ళేది. ఆ ముందురోజు జాకెట్టు పట్టుకొచ్చి నా మిషను ముందు పడేసేది. పక్క కుట్లు విప్పి వదులు చేసేదాన్ని. ఒకసారి నాకూ దారాలూ లైనింగులూ కొనుక్కునే పనుండి ఇద్దరం కలిసి వెళ్ళాం. బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో లేచి సీటిచ్చారు. పక్కనున్న ముసలామె వదిన పొట్ట చూసి, "ఎన్నో కానుపమ్మా?" అంది.

"నాకు మూడోది. మా ఆడపడుచుకి మొదటిది."

ముసలామె వేళ్ళమీద లెక్కేసుకుంది. "ఇద్దరికీ ఒకేసారొచ్చిందేటి?"

"అవునండి. ఒకటే."

ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. ఇంక సబ్బవరం దాటేదాకా వదిన బస్సంతటికీ విడమరిచి చెప్పింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి విన్నాడు. వెనక నుంచి ఒకామె, "మా సెల్లికి కూడా ఇలాగే అయిందమ్మా, ఏ డాక్టరు?" అని అడిగి, దిగేటప్పుడు వదిన చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ముసలామె మాత్రం చివరిదాకా, "అయితే ముక్కు ఎవరిదొస్తాది?" అంటూనే ఉంది.

అత్తగారి సంగతి చెప్పాలి. మంచినీళ్ళు కూడా కోడలి చేతే తెప్పించుకు తాగిన మనిషి ఆవిడ. ఇప్పుడు పొద్దున్నే లేచి పొయ్యి ముందు కూర్చునేది. ఆవపెట్టిన పనసపొట్టు, చిన్నచేపల పులుసు, దబ్బకాయ పులిహోర, కోడలు ఏదంటే అది. వండుతూ తిట్టేది. తిడుతూ వండేది. "ఈవిడగోరు మహరాణీ అయిపోనాదర్రా!" వదిన కాళ్ళు బారచాపుకుని అరుగుమీద కూర్చుని, "ఉప్పు తక్కువైందత్తా," అని కావాలని అరిచేది. లోపల గరిటె దబ్బున పడేది. ఈవిడ నోటికి కొంగడ్డం పెట్టుకుని నావైపు చూసి కళ్ళతో నవ్వేది.

ఆడపడుచు ప్రతి ఆదివారమూ వచ్చేది. వచ్చి వదిన ఎదురుగా కూర్చునేది తప్ప పొట్టమీద చెయ్యి వేసేది కాదు. భయం. మళ్ళీ ఏదైనా అవుతుందేమోనని, తన చెయ్యే మంచిది కాదేమోనని. వదిన కొన్నాళ్ళు చూసింది. ఏడో నెలలో ఒక ఆదివారం, వేడి బెల్లం తినాలనుంది పదండి అని మమ్మల్నిద్దర్నీ వ్యానెక్కించింది. గోవాడ వైపు రోడ్డు పక్క చెరకుతోటలో బెల్లం వండుతున్నారు. పెద్ద పెనంలో పాకం కుతకుతలాడుతోంది, చుట్టూ తియ్యటి పొగ. వండేవాళ్ళు వదిన పొట్ట చూసి, అడగకుండానే ఆకులో వేడి ముద్ద పెట్టిచ్చారు. ఊదుకుంటూ ఒక ముక్క నోట్లో వేసుకుందో లేదో, "అమ్మమ్మ!" అని నవ్వింది.

"ఏటైంది వదినా?" ఆడపడుచు మొహం పాలిపోయింది.

"తీపి తగిలిందే నీ బిడ్డకి. ఎగురుతంది. ఇలా రా."

ఆ పిల్ల కదల్లేదు. వదిన తనే దాని చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుని, పైన తన చెయ్యి అదిమిపెట్టింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆడపడుచు "ఆఁ!" అంది. చిన్నపిల్లలా. మళ్ళీ "ఆఁ!" అంది. ఆ పొగలో అక్కడే నిలబడిపోయింది. చెరకు మోస్తున్నవాళ్ళు ఇద్దర్నీ తప్పుకుంటూ అటూ ఇటూ నడిచారు. చెయ్యి తీయమని ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు, నేనూ అడిగాను. "నాకు నిజం చెప్పు వదినా. ఎందుకు?"

వదిన ఈసారి నవ్వలేదు.

"నవ్వవు గదా? నాకు కడుపుతో ఉండడం ఇష్టమే. ఎవులికీ సెప్పనేదు, ఆడది అలగంటే ఏటనుకుంటారు? ఆ ఇద్దరు పిల్లలప్పుడూ నాను సామాన్లు మోస్తానే ఉన్నాను, కాలు మీద కాలేసుకుని కూకున్న రోజు నేదు. అయినా బాగుండీది. పని సేస్తంటే లోపల్నుంచి ఒకళ్ళు పలకరించినట్టుండీది. ఇద్దరు సాలని ఆపరేసన్ సేసీసేరు, సరే, పెంచొద్దా మరి? కానీ ఇంకోసారుంటే బాగుణ్ణని ఉండీది నాకు. పెంచడం అక్కర్నేకండా మోయడం ఒక్కటే దొరికితే ఎవులొదులుకుంటారే?" అని, మళ్ళీ తనే, "అదొక్కటే కాదులే. ఆస్పత్రి నుంచొచ్చిన రోజు నా ఆడపడుచు గుంట ఆటో దిగి, కొంగు పొట్టమీద కప్పుకుని నడిచొచ్చింది. లోపల ఏటీ నేదని ఎవులికీ కనపడకూడదని. అది సూసేను నాను. ఆ పెళ్ళిలో మాటలు, అయ్యీ ఇయ్యీ ఎక్కడికెల్లిపోయాయో మరి," అంది.

"మరి మోసి ఇచ్చేశాక బాధ ఉండదా?"

"ఏమో. ఇయ్యనేదు గదా ఇంకా. ఇచ్చేక సెప్తాను."

నెలలు నిండవచ్చేసరికి డాక్టరమ్మ ముందుగానే ఆస్పత్రిలో చేరమంది. ఒక పొద్దున్న నేను ఇంటి నుంచి క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి నర్సులు పరుగెడుతున్నారు. వదినకి రక్తం పోతోంది. ఆడపడుచుకి ఆనాడు ఎలా మొదలైందో అలాగే. ఆ పిల్ల వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. అత్తగారు నేలమీద కూర్చుండిపోయింది. వ్యాను తీసుకుని మొగుడు దార్లో ఉన్నాడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, ఇద్దరికీ ప్రమాదమే, మా ప్రయత్నం మేం చేస్తాం అంది. తలుపు వైపు తిరగబోతుంటే ఆడపడుచు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"డాక్టరుగారూ, ముందు మా వదిన. మా వదినని సూడండి. బిడ్డ తరవాత."

అత్తగారు తలెత్తి కూతురి వైపు చూసింది. ఆ బిడ్డ కోసం ఆ పిల్ల ఎన్ని మొక్కులు మొక్కిందో, ఎన్ని ఆస్పత్రులు తిరిగిందో తెలిసిన తల్లి. చూసి, మెల్లగా లేచొచ్చి, కూతురి భుజం మీద చెయ్యి వేసి డాక్టరమ్మతో, "అవునమ్మా. నా కోడలు," అంది.

తలుపు మూసుకుంది. మేం ముగ్గురం ఒకరి చేతులొకరం పట్టుకుని వరండాలో బల్లమీద ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. తర్వాత లోపలనుంచి పసిపిల్ల ఏడుపు వినపడింది. గట్టిగా, కోపంగా. ఆడపడుచు లేవలేదు. నర్సు వచ్చి "ఆడపిల్ల" అంటే, "మా వదిన?" అంది. "బాగుందమ్మా, కుడుతున్నారు," అన్నాకనే లేచి నిలబడింది.

సాయంత్రానికి వదిన కళ్ళు తెరిచింది. అత్తగారు పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది, కూతురు డాక్టరమ్మతో అన్న మాటతో సహా. వదిన నీరసంగా తల తిప్పి ఆడపడుచుని వెతుక్కుంది.

"ఒసే. తరవాతంటావేటే దాన్ని? మీ అమ్మ సేత వండించి వండించి పెంచేను గదే!"

నవ్వబోయి, కుట్లు లాగి "అబ్బా" అంది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకరు ఏడుస్తూ ఒకరు నవ్వలేక, చాలాసేపు ఉన్నారు. బిడ్డని తెచ్చి పక్కన పడుకోబెడితే వదిన దాని ముక్కు పట్టుకుని చూసింది. "ముక్కు మా అత్తదే. బస్సులో ముసలమ్మకి ఎలగ తెలపడం?" అని, "ఎల్లమ్మా, మీ అమ్మ దగ్గిరికెల్లు," అని తనే ఎత్తి అందించింది.

మొదటి రోజులు పాలు పిండి ఇచ్చేది. ఆడపడుచు ఉగ్గుగిన్నెతో పట్టేది. తర్వాత వాళ్ళు గాజువాక వెళ్ళిపోయారు, ఈవిడ చోడవరం వచ్చేసింది. వారం రోజులు గోడకి అవతల చప్పుడు లేదు. ఒక పూట వెళ్ళి చూస్తే కొట్లో కుర్చీల మధ్య కూర్చుని ఉంది.

"ఇచ్చేక సెప్తానన్నాను గదా," అంది. "ఏడుపు రావట్లేదే. అలాగని బాగానూ నేదు. చుట్టాలెల్లిపోయిన ఇల్లులాగ ఉన్నాది. మళ్ళీ సర్దుకోవాల."

సర్దుకుంది. మాఘమాసం పెళ్ళిళ్ళు మీద పడ్డాయి. కింద పడేసినవాళ్ళని తిట్టడం, తినని వాళ్ళకి వడ్డించడం, అన్నీ యథాప్రకారం. వారానికోసారి వీడియో ఫోన్లో పాపని చూపించేవాళ్ళు. "బొద్దుగా అయింది. ఏటి పెడతన్నావే?" అని ఆడపడుచుతో తిన్నగానే మాట్లాడేది. ఇప్పుడు మధ్యలో మాట్లాడ్డానికి ఖాళీ దొరక్క అత్తగారే గోడతో చెప్పుకునేది.

పాప మొదటి పుట్టినరోజు చోడవరంలోనే చేశారు. షామియానా సొంతం, కుర్చీలు సొంతం, వీధంతా పిలుపు. అక్కడ కూరగాయల ముసలమ్మ పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. "అమ్మా, ఈ గుంట నీ మొగుడికి మేనకోడలు. రేపు నీ కొడుక్కి వరసవుతాది. కానీ నీ కడుపున పుట్టింది గదా. మరి మరదలా, సెల్లా?" భోజనాల వరసలు రెండుగా చీలిపోయాయి. మరదలే అని ఒక వరస, చెల్లెలే అని ఇంకో వరస. పప్పు చల్లారిపోతోంది. వదిన కాసేపు విని, పాప చేత తన కొడుకు చేతికి ఒక దారం కట్టించేసింది. "అయిపోనాది. సెల్లి. ఇంక తినండి!"

నేను చోడవరం వదిలేసి గోపాలపట్నం వచ్చి షాపు పెట్టుకున్నాక వాళ్ళని చూడ్డం తగ్గింది. పోయిన ఎండాకాలం ఏదో పనిమీద అటు వెళ్ళి, మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆడపడుచు వచ్చి ఉంది. పాపకి ఇప్పుడు గలగలా మాటలొస్తున్నాయి. వసారాలో చాప వేసుకుని వదిన మామిడికాయ ముక్కలు కోస్తోంది, ఆడపడుచు ఆవాలు చెరుగుతోంది. పాప వదిన ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"అత్తా, నేను నీ పొట్టలో ఉన్నానంట. అమ్మ చెప్పింది."

"ఉన్నావు."

"ఏం చేసేదాన్ని?"

"తినీదానివి. బెల్లం తింటే ఎగిరీదానివి. తొంగునీదానివి. లేచి అడిగీదానివి."

"ఏం అడిగేదాన్ని?"

"అమ్మెప్పుడొస్తాది, అమ్మెప్పుడొస్తాది అని ఒకటే గోల."

ఆవాలు చెరుగుతున్న చేతులు ఆగాయి.

"మరి నువ్వేం చెప్పేవు?"

"దార్లో ఉన్నాది, వచ్చేస్తంది అని సెప్పేను."

పాప ఆ మాట బుర్రలో పెట్టుకుని కాసేపు కప్పు వైపు చూసింది. తర్వాత లేచి కూర్చుని, తల్లి వైపు తిరిగి నిలదీసినట్టు అడిగింది.

"ఎందుకమ్మా అంత లేటుగా వచ్చేవు?"

ఆడపడుచు వదిన వైపు చూసింది. వదిన కత్తిపీట మీంచి తలెత్తి, "సెప్పు మరి, అడుగుతంది గదా," అంది.

ఆ పిల్ల చేట పక్కన పెట్టి, రెండు చేతులూ చాపి కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"వచ్చేసేను గదమ్మా," అంది.